నికోటిన్‌కు రెండు న్యాయాలా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఎన్ని హాస్టళ్లున్నాయో లెక్క చెప్పడం కష్టం. ఒంగోలు, కందుకూరు, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురైదుగురు చొప్పున సర్దుకుని అక్కడ కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటారు. వాళ్లలో పెద్ద కామందుల బిడ్డలు కొద్దిమందే. ఎకరా తాకట్టు పెట్టిన రైతుల బిడ్డలు, కూలి డబ్బు కూడబెట్టి పంపిన తల్లుల బిడ్డలే ఎక్కువ.

సంఘం పనిమీద హైదరాబాదు వచ్చినప్పుడు మా ప్రాంతపు కుర్రాడొకణ్ణి చూడబోయాను. వాళ్లమ్మ ప్రకాశం జిల్లా పొగాకు చేలల్లో ఆకు కోసే కూలి, మా సంఘ సభ్యురాలు. ఆమె పంపిన పచ్చడి సీసా సంచిలోంచి తీసేలోపే కుర్రాడు ఏదో దిండు కింద దాచాడు. గదంతా మామిడిపండు వాసన. "ఏందిరా అది?" అన్నాను. "సిగరెట్టు కాదులే మామా, వేప్. ఇందులో పొగాకే లేదు, ఉత్త ఆవిరి" అన్నాడు.

నాకు వాళ్లమ్మ గుర్తుకొచ్చింది. ఆ ఏడు జనవరిలో మంచు కురిసిన తెల్లవారుజామున చేలో దిగి, తడి ఆకు కోసి చంకన పెట్టుకుని మోసింది. పొద్దెక్కేసరికి తల తిరిగింది, వాంతులయ్యాయి, నిలబడలేక గట్టు మీద పడిపోయింది. మేస్త్రీ వడదెబ్బ అన్నాడు. జనవరిలో వడదెబ్బేంది? ఊళ్లో వైద్యం చేసేవాడు పైత్యమని చెప్పి గ్లూకోజు సీసా ఎక్కించాడు. రెండు రోజుల కూలి పోయింది. చేతిలో ఉన్న డబ్బు సీసాకు పోయింది.

తల్లిని పడగొట్టిందీ, కొడుకు దిండు కింద దాచిందీ ఒకటే పదార్థం. దాని పేరు నికోటిన్.

ఇది పొగాకులో పుట్టే విషం. నీళ్లలో కరుగుతుంది, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మంచుకో వానకో తడిసిన ఆకును మోస్తే బట్టలు తడుస్తాయి. ఆ తడి బట్టలు విప్పేదాకా విషం ఒంట్లోకి ఎక్కుతూనే ఉంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, నీరసం దీని లక్షణాలు. పచ్చి పొగాకు వల్ల వచ్చే ఈ జబ్బును వైద్యశాస్త్రం ఏనాడో గుర్తించింది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కొందరు ఆసుపత్రి పాలవుతారు. పొగ తాగే అలవాటు లేనివాళ్లకే ఇది ఎక్కువగా తగులుతుంది. అంటే జన్మలో చుట్ట ముట్టని ఆడకూలే ముందు పడిపోతుంది!

ఇక కుర్రాడి సంగతి. ఎలక్ట్రానిక్ సిగరెట్టులో బ్యాటరీ ఒక ద్రవాన్ని వేడి చేస్తుంది, ఆ ఆవిరిని పీలుస్తారు. ఆ ద్రవంలో కలిపే నికోటిన్‌ను ఎక్కువగా పొగాకు నుంచే తీస్తారు. కాబట్టి "పొగాకే లేదు" అన్నది అమ్మేవాడు నేర్పిన మాట. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో ఆకు కాలదు గనుక తారు ఉండదు, విషాలు సిగరెట్టు పొగలో కంటే తక్కువే. సిగరెట్టు మానలేనివాళ్లను దీనికి మారమని చెప్పే వైద్యులు బ్రిటన్‌లో ఉన్నారు. కానీ ఎన్నడూ సిగరెట్టు ముట్టని కుర్రాడికి ఇది మానే దారి కాదు, మరిగే దారి. 2019లో అమెరికాలో ఇలాంటి ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతం బయటపడింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. అందులో ఎక్కువ భాగం గంజాయి సారం కలిపిన సరుకు వల్లనని తేలింది. దొంగచాటు సరుకులో ఏం కలిపారో కొనేవాడికి తెలియదు. మన పిల్లలు కొనేదీ దొంగచాటు సరుకే.

ఎందుకంటే మన దేశంలో దీని మీద నిషేధం ఉంది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఈ చట్టాన్ని మనం వ్యతిరేకించడం లేదు. గట్టిగా అమలు చేయమనే అంటున్నాం.

మన ప్రశ్న వేరు. పంజాగుట్టలో ఏ టీ బడ్డీ దగ్గరైనా నిలబడి చూడండి. ఆవిరి నికోటిన్ దాచి అమ్మాలి, పొగ నికోటిన్ బాహాటంగా అమ్మవచ్చు. నిషేధం ప్రకటించిన రోజున స్టాక్ మార్కెట్లో సిగరెట్టు కంపెనీల షేర్లు పెరిగాయి. పోటీదారుణ్ణి సర్కారే తప్పించిందని వాళ్లకు సంతోషం! మరి ఆకులోంచి కూలి చేతుల్లోకి ఎక్కే నికోటిన్ సంగతి ఏ ఆర్డినెన్సులో ఉంది?

ఆరోగ్య శాఖ పొగాకు చంపుతుందని పెట్టె మీద బొమ్మ వేయిస్తుంది. వాణిజ్య శాఖ కింద గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. ఎగుమతులు పెంచడం దాని పని. పోనీ రైతైనా బాగుపడ్డాడా? 2025లో నల్ల బర్లీ కొనే నాథుడు లేక ధర కూలిపోతే మార్క్‌ఫెడ్ దిగి కొనవలసి వచ్చింది. చిన్నరైతు మనకు శత్రువు కాదు. అతన్నీ, మననీ ఒకే కంపెనీ పిండుతోంది.

బీడీ కార్మికులు పోరాడగా 1966లో వాళ్లకొక చట్టం వచ్చింది. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లు దాన్ని మింగేశాయి. చేలో ఆకు కోసే కూలికి ఆపాటి చట్టం ఎన్నడూ లేదు.

"పొగాకు మీద చెయ్యేస్తే కూలీల నోట్లో మట్టే" అని కంపెనీలు మొసలి కన్నీరు కారుస్తాయి. దీనికి జవాబు మన ప్రభుత్వం సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారత్ 2004లో ఆమోదించింది. దాని 17వ అధికరణం రైతుకూ, కూలికీ ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపమంటుంది. 18వ అధికరణం సాగులో పనిచేసేవాళ్ల ఆరోగ్యం కాపాడమంటుంది. సంతకం పెట్టిన చేతులు తరువాత ఎక్కడికి పోయాయి?

కాబట్టి మన కోర్కెలు ఇవి. ఆకు తడి ఆరకముందు కోయించకూడదు; ఆలస్యంగా దిగినందుకు కూలి కోయకూడదు. చేతి తొడుగులు, తడవని ముందుగుడ్డ, సబ్బు, నీళ్లు ఆకు కొనే కంపెనీల ఖర్చుతో ఇవ్వాలి. పిల్లలనూ, గర్భిణులనూ పచ్చాకు పనికి దించకూడదు. ఆ గర్భిణులకు వేరే పని చూపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ జబ్బును జబ్బుగా రాసి వైద్యం చేయాలి. పొగాకు వదిలి శనగకో కందికో మారే రైతుకు గిట్టుబాటు ధర హామీ ఇవ్వాలి.

ఆ రోజు కుర్రాడికి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. "మొన్న మీ అమ్మను గట్టు మీద పడేసింది ఇదేరా" అన్నాను. మాట్లాడలేదు, తల వంచుకున్నాడు. మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 కాగితం మీద రాసిచ్చి వచ్చాను.

అక్కడ కొడుకు మానాలి. ఇక్కడ తల్లి పట్టుబట్టాలి. కోతలు మొదలయ్యేలోపు ప్రతి పొగాకు ఊళ్లో కూలీలు ఒకచోట కూర్చోవాలి. మంచు ఆరనిదే చేలో దిగేది లేదని ముఠాలన్నీ ఒక్క మాట మీద నిలవాలి. ఒక్క ముఠా అంటే మేస్త్రీ ఇంకో ముఠాను తెస్తాడు. ఊరంతా అంటే ఎవర్ని తెస్తాడు?