చిన్న రేసే కదా!

"గంటన్నర రేసుకి మనసుని సిద్ధం చేసుకోవడం ఏందన్నా?" అని మొన్న మా తమ్ముడు నవ్వాడు. వాడు వచ్చే నెల మొదటిసారి ట్రయాథ్లాన్‌కి పేరిచ్చాడు. ఈ పోస్టు వాడి కోసం, వాడిలాంటి మిత్రుల కోసం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

స్ప్రింట్ ట్రయాథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరంలో సరిగ్గా సగం. చిన్నదే. కానీ చిన్నది కాబట్టే మొదట్నుంచీ తొందర. విజిల్ మోగగానే అందరూ ఒక్కసారి నీళ్లలో పడతారు.

నా మొదటి రేసు చెప్తా. ఈత నాకు కొత్త కాదు. చిన్నప్పుడు వీపుకి ఖాళీ డబ్బా కట్టుకుని బావిలో నేర్చుకున్నా. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ దొరుకుతుంది. చెరువులో గోడ లేదు, అడుగు కనపడదు, ముందున్నోడి కాలు మొహానికి తగులుతుంది. వంద మీటర్లు కూడా పోకముందే ఊపిరి అందలేదు. ఒంట్లో సత్తువ ఉంది, బెదిరింది మనసు. వెల్లకిలా తేలి, ఆకాశం చూస్తూ పది ఊపిర్లు లెక్కపెట్టుకుంటే గానీ దారికి రాలేదు.

అప్పట్నుంచి నా అభిప్రాయం ఒకటే. "నాకు భయం లేదు, నేను కొట్టేస్తా" అని ముందురోజంతా జపం చేయడం దండగ. భయం ఎలాగూ వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. వాన రాదులే అని ధాన్యం ఆరబోసి ఇంటికి పోతామా? పట్టాలు పక్కన పెట్టుకునే ఆరబోస్తాం. ఇదీ అంతే.

ముందురోజు రాత్రి కళ్లు మూసుకుని రేసంతా ఒకసారి మనసులో తిరిగొస్తా. నీళ్లలోంచి లేవడం, కళ్లద్దాలు తీయడం, హెల్మెట్ పెట్టి బకిల్ వేశాకే సైకిల్ ముట్టుకోవడం, గీత దాటాకే ఎక్కడం. తర్వాత తిప్పలు ఒక్కోటి తలుచుకుంటా. కళ్లద్దాల్లోకి నీళ్లొస్తే? ఆగి, తేలి, సర్దుకుంటా. చైన్ జారితే? దిగి వేసుకుంటా. సైకిల్ దిగాక కాళ్లు కర్రల్లా బిగిస్తే? అందరికీ అంతే, చిన్న అడుగులు వేస్తా. ఒక్కోదానికి ఒక్కటే జవాబు. ఇక అక్కడ ఆలోచించే పని ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆఖర్న చెప్తున్నా. ట్రయాథ్లాన్లలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఎక్కువగా ఈతలోనే జరిగాయి. అన్నీ భయం వల్ల కాదు, పైకి కనపడని గుండె జబ్బులూ ఉన్నాయి. అందుకే పేరిచ్చే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. నీళ్లలో ఇబ్బందయితే చేయి ఎత్తండి. ఆగి ఉన్న పడవ పట్టుకుని సేద తీరొచ్చు, దాని సాయంతో ముందుకు జరగనంతవరకు తప్పు కాదు. ఛాతీలో నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా రేసు అక్కడితో సరి. ఈ మాట ఒడ్డున ఉండగానే మనకి మనం చెప్పుకోవాలి. నీళ్లలో దిగాక పరువు గుర్తొస్తుంది. ఊళ్లో అందరికీ చెప్పామే, స్టేటస్ పెట్టామే అనిపిస్తుంది. చేయి లేవదు.

నా రెండో రేసులో నేను చేయి ఎత్తా. పడవ పట్టుకుని అర నిమిషం ఉన్నా. నలుగురైదుగురు దాటిపోయారు. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ ఈది, రేసు పూర్తి చేశా. ఆ అర నిమిషం గురించి ఇప్పటిదాకా నన్ను ఒక్కరూ అడగలేదు.

తమ్ముడూ, ఈ నెలంతా సైకిల్ ఎంతైనా తొక్కు. కానీ చేయి ఎప్పుడు ఎత్తాలో ముందే అనుకుని దిగు. రేసులు చేసినోళ్లు మీ అనుభవం కూడా కింద రాయండి, వాడు చదువుతాడు.