పాలీ మనకెందుకు అనేవాళ్లకు

పోయిన భాగాల్లో యూనివర్సిటీ పెద్దలతో పోట్లాడాను. ఈ భాగంలో సగం పోట్లాట మనవాళ్లతో. కోపం వస్తే రానివ్వండి. చివరిదాకా చదివాక తిట్టండి.

పీజీలోనో పీహెచ్‌డీలోనో బౌద్ధం చదవాలనుకునే మన పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తారు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకునే నా దగ్గరికి ఎందుకంటే, చుట్టుపక్కల పాలీ అనే మాట ఎత్తేవాళ్లు ఇంకెవరూ లేక. వచ్చేసరికే రెండు వైపుల నుంచి రెండు మాటలు వినేసి వస్తారు. ఒకవైపు ప్రొఫెసర్లు: "నీకు సంస్కృతం రాదు, పాలీ రాదు, టిబెటన్ రాదు. మూలం చదవలేవు. అంబేడ్కర్ మీద చేసుకో, నీకు బాగా నప్పుతుంది." ఇంకోవైపు మన సంఘాల అన్నలు: "బాబాసాహెబ్ రాసిపెట్టిన పుస్తకంలో అంతా ఉంది. చచ్చిన భాషలు నేర్చుకుంటూ అయిదేళ్లు కూర్చుంటే ఉద్యమం ఎవడు చేస్తాడు?"

ఒకరు మనల్ని వద్దంటున్నారు, ఇంకొకరు మూలాన్ని వద్దంటున్నారు. ఎవరి మాట విన్నా మన పిల్ల చివరికి ఆ పుస్తకం ముట్టుకోదు.

అన్నలకు ముందు బాబాసాహెబ్ సంగతే గుర్తు చేస్తాను. స్కూల్లో సంస్కృతం చదువుతానంటే అంటరాని పిల్లాడికి చెప్పం పొమ్మన్నారు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1946లో 'శూద్రులెవరు?' అచ్చయినప్పుడు ముందుమాటలో ఈ సంగతికి ఆయనే జవాబిచ్చుకున్నాడు. సంస్కృత పండితుణ్ణని చెప్పుకోనన్నాడు, అయినా ఇంగ్లీషు అనువాదాల్లో పదిహేనేళ్లు చదివిన చదువు ఈ పనికి సరిపోతుందన్నాడు. ఆ మాట పట్టుకుని "చూశావా, భాష అక్కర్లేదు" అంటారు మనవాళ్లు. అదే మనిషి పాలీ నిఘంటువు తయారు చేసుకున్నాడు, పాలీ వ్యాకరణం రాసుకున్నాడు. ఆయన రచనల సంపుటాల్లో 16వది మొత్తం అదే, 1998లో అచ్చయింది. ఆ సంపుటం మన ఆఫీసుల్లో బీరువా నింపడానికి ఉంది. విప్పినవాళ్లు ఎందరో చేతులెత్తండి.

భాష వస్తే ఏం మారుతుందో ఒక్క అక్షరంతో చెబుతాను.

సుత్తనిపాతంలో వసల సుత్తం మన సభల్లో తరచూ వినిపించేదే. పుట్టుక వల్ల ఎవడూ నీచుడు కాడు, చేసే పని వల్ల అవుతాడని దాని సారం. సభల్లో చెప్పనిది దాని మొదలు. బుద్ధుడు శ్రావస్తిలో భిక్షకు వెళుతుంటాడు. అగ్గిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు ఇంట్లో హోమానికి అగ్ని వెలిగించుకుని ఉంటాడు. దూరం నుంచే ఈయన్ని చూసి అక్కడే ఆగమంటాడు. ఆగమంటూ మూడు రకాలుగా పిలుస్తాడు: ముండక, సమణక, వసలక. ముండ అంటే బోడితల. సమణ అంటే శ్రమణుడు, గౌరవమైన మాటే. వసల అంటే నీచజాతివాడు. చివర 'క' చేరింది చూడండి, తిట్టంతా దాంట్లోనే ఉంది. వ్యాకరణం పుస్తకం దాన్ని అల్పార్థం, నిందార్థం అని చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఇంగ్లీషు అనువాదాలు నికృష్టుడు, దౌర్భాగ్యుడు లాంటి విశేషణం ఒకటి తగిలించి సరిపెట్టుకుంటాయి. ఇది నల్లబల్ల మీద రాసి దీనికి తెలుగేమిటని అడిగాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "ఇంకేముంది సార్, 'గా'. బోడిగా, సన్నాసిగా, అంటరానిగా" అంది. ఎల్లయ్యని ఎల్లిగా, మల్లయ్యని మల్లిగా అని ఊరు పిలిచిన 'గా'. ఎనభయ్యేళ్ల ముసలాయన్ని కూడా పదేళ్ల పటేలు కొడుకు పిలిచిన 'గా'.

ఆ అమ్మాయి తాత వీపు మీద ఉన్న వ్యాకరణం అది. అనువాదంలో చదివిన ప్రొఫెసరుకి అందలేదు, మూలంలో చదివిన పండితుడికి అంది ఉన్నా చెప్పలేదు. ఆ 'క' వినబడ్డాక బుద్ధుడు చేసిన పని కూడా వేరేగా వినబడుతుంది. తిట్టిన మాటనే చేతిలోకి తీసుకుని, అసలు వసలుడు ఎవరో నీకు తెలుసా అని అడిగి, ఒక్కో పనీ లెక్కపెట్టి వాడి ముందు పెడతాడు. చివర ఉదాహరణగా ఒక చండాలుడి కొడుకును తెస్తాడు. సోపాకుడు, అంటే కుక్క మాంసం వండుకునేవాడు. పేరు మాతంగుడు. మాతంగి బిడ్డలమని చెప్పుకునే మాదిగవాడలో ఈ పేరు వింటే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ మాతంగుడికీ మన మాతంగికీ సంబంధం ఉందా, ఉంటే ఎంత? ఇది భాషలు తెలిసి, వాడ తెలిసి, రెండూ పక్కపక్కన పెట్టగలవాళ్లు తేల్చాల్సిన పని. స్టేజీ మీద మైకు పట్టుకుని తేల్చేది కాదు.

ఇక అసలు విషయం, బాబాసాహెబ్ మీద ఉన్న ఆరోపణ. 1957లో, ఆయన పోయాక వచ్చిన 'బుద్ధుడు, ధమ్మం' పుస్తకంలో సిద్ధార్థుడి గృహత్యాగం కథను ఆయన ఒప్పుకోలేదు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి అర్ధరాత్రి ఇల్లు వదిలాడన్న కథ అది. ఇరవైతొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక మనిషి శవాన్ని చూడకుండా ఉంటాడా అని అడిగాడు. దాని బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాను కారణంగా పెట్టాడు. "రాజకీయం కోసం బౌద్ధాన్ని వంచాడు" అని అప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. సెమినార్లలో ఈ మాట వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో చూస్తూనే ఉన్నాను. లేచి నినాదం ఇస్తారు, లేదా బయటికి వచ్చేస్తారు.

మజ్ఝిమ నికాయంలో అరియపరియేసన సుత్తం తియ్యండి. బుద్ధుడు తన గృహత్యాగం గురించి తనే చెప్పుకున్నట్టుగా ఉన్న పాఠం. అందులో నాలుగు దృశ్యాల్లేవు, గుర్రం లేదు, అర్ధరాత్రి లేదు. తల్లీతండ్రీ కన్నీళ్లతో ఏడుస్తుండగా, వాళ్లకు ఇష్టం లేకుండా, జుట్టు తీసేసి వెళ్లానని ఉంది. మరి నాలుగు దృశ్యాల కథ నికాయాల్లో ఎక్కడుంది? దీఘ నికాయంలో మహాపదాన సుత్తంలో ఉంది. అక్కడ అది గౌతముడి కథ కాదు, విపస్సి అనే పూర్వ బుద్ధుడిది. గౌతముడికి దాన్ని తగిలించింది తర్వాతివాళ్లు. సుత్తనిపాతంలోనే అత్తదండ సుత్తం ఉంది. జనం ఆయుధాలు పట్టి కొట్టుకోవడం చూసి, ఇంకుతున్న నీళ్లలో చేపల్లా కొట్టుకుంటున్న మనుషుల్ని చూసి భయం పుట్టిందని బుద్ధుడు చెబుతాడు. దీన్ని గృహత్యాగంతో ముడిపెట్టినవాడు ధర్మానంద కోశాంబి. గోవా బ్రాహ్మణుడు, సింహళం వెళ్లి పాలీ నేర్చుకున్న పండితుడు, హార్వర్డ్‌వాళ్లు విసుద్ధిమగ్గం పరిష్కరణకు పిలిపించుకున్న మనిషి. ఆయన అంటే పాండిత్యం, మహారు అంటే వక్రీకరణ!

రోహిణి తగాదా గృహత్యాగానికి కారణమని పాలీ సూటిగా చెప్పదు. అట్ఠకథల్లో ఆ తగాదా ఉంది, బుద్ధుడయ్యాక ఆయనే వెళ్లి సర్దినట్టుగా ఉంది. కాబట్టి బాబాసాహెబ్ ఎక్కడ పాఠం మీద నిలబడ్డాడో, ఎక్కడ తన ఊహను జోడించాడో విడదీసి చెప్పగలగాలి. అలా చెప్పగలిగినవాడి ముందు "వంచాడు" అన్న మాట నిలవదు. ఆ విడదీసే పని పాలీ రాకుండా ఎలా చేస్తారో అన్నలే చెప్పాలి.

మనకు ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి, దాచి లాభం లేదు. బోధిసత్త్వుడి చివరి జన్మ క్షత్రియ కులంలోనో బ్రాహ్మణ కులంలోనో తప్ప ఉండదని నిదానకథ చెబుతుంది. వినయంలో బానిసకూ అప్పున్నవాడికీ దీక్ష లేదు. ఇవాళ కాకపోతే రేపు వీటిని మన మొహాన కొట్టేవాడు వస్తాడు. వాడి నోట మొదటిసారి వినడం కన్నా మన కళ్లతో ముందే చదువుకోవడం మేలు.

సంస్కృతం బ్రాహ్మల సొత్తు కాబట్టి ముట్టొద్దనే వాదం ఇంకోటి. కాలేజీ వార్షికోత్సవాల్లో చండాలిక నాటకం చూసే ఉంటారు. టాగోర్ 1933లో రాశాడు. ఆనందుడికి నీళ్లు పోసిన ప్రకృతి అనే మాతంగ కన్య కథ. దీని మూలం దివ్యావదానంలోని శార్దూలకర్ణావదానం, సంస్కృతం. మూలంలో ప్రేమకథ కొంతే. బుద్ధుడు ఆమెకు దీక్ష ఇవ్వగానే బ్రాహ్మణులు గోలపెడతారు. అప్పుడాయన ఒక పాత కథ చెబుతాడు. త్రిశంకుడనే మాతంగ రాజు, వేదాలన్నీ చదివినవాడు, తన కొడుక్కి పుష్కరసారి అనే బ్రాహ్మణుడి కూతుర్ని అడుగుతాడు. వాడు తిడతాడు. ఈయన తిరిగి తిట్టడు, వాదిస్తాడు. చెట్లకు జాతిభేదం ఆకులో కాయలో కనబడుతుంది, జంతువులకు గిట్టలో కొమ్ములో కనబడుతుంది, మనుషులకు ఎక్కడ కనబడుతుందో చూపించు అని పుటలకొద్దీ నిలదీస్తాడు. చివరికి బ్రాహ్మణుడు పిల్లనిస్తాడు. (మధ్యలో నక్షత్రాల శాస్త్రం బోలెడు ఉంటుంది, ఓపిక కావాలి.) టాగోర్ ప్రకృతి కన్నీళ్లు తీసుకున్నాడు, త్రిశంకుడి వాదం వదిలేశాడు. మనం టాగోర్ దగ్గరే ఆగిపోయాం.

తెలుగులోనూ ఇంతే. మన ఆధునిక కావ్యాల్లోకి బుద్ధుడు తిరుపతి వేంకట కవుల చేతుల్లో ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషు మీదుగా వచ్చాడు, పింగళి కాటూరి కవుల చేతుల్లో అశ్వఘోషుడి సౌందరనందం మీదుగా వచ్చాడు. అదే అశ్వఘోషుడి పేరున, ఆయనదేనా కాదా అని పండితులు వాదులాడుకునే వజ్రసూచి అనే చిన్న పుస్తకం ఉంది. కులాన్ని వేదస్మృతుల మాటలతోనే చీల్చేస్తుంది. 1839లో విల్కిన్సన్ దాన్ని అచ్చువేసినప్పుడు ఒక బ్రాహ్మణ పండితుడి ఖండనను కూడా తోడిచ్చి మరీ అచ్చువేయాల్సి వచ్చింది. కావ్యం చెయ్యడానికి కవులకు నందుడు, సుందరి దొరికారు, సరే. మనం కూడా వజ్రసూచి జోలికి వెళ్లకపోతే ఇంకెవరు వెళతారు? జాషువా సంస్కృతం వద్దనుకుని ఉంటే మేఘదూతాన్ని తిప్పికొట్టిన గబ్బిలం వచ్చేదా?

ఇప్పుడు ప్రొఫెసర్ల వాటా. "సంస్కృతం ముందే వచ్చి ఉండాలి" అంటారు. ఎక్కడ నేర్చుకుని రావాలి? ఇంటర్‌లో సంస్కృతం అంటే కార్పొరేట్ కాలేజీల మార్కుల ఫ్యాక్టరీ. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాడు రామ శబ్దం పూర్తిగా చెప్పలేడు, వాడికి "సంస్కృత నేపథ్యం" ఉన్నట్టు లెక్క. సర్కారు జూనియర్ కాలేజీలో తెలుగు చదివిన మన పిల్లకి లేనట్టు. యూజీసీ నెట్ పేపరు పేరు చూడండి: బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనాలు. పూనా ఒప్పందం పెద్దమనిషిని తెచ్చి బుద్ధుడి పక్కన కూర్చోబెట్టారు, అందులో ఏ భాషకూ పరీక్ష లేదు. 2024 అక్టోబరులో పాలీకి, ప్రాకృతానికి శ్రేష్ఠభాష హోదా ఇచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందే సివిల్స్ ఆప్షనల్ జాబితాలోంచి పాలీని తీసేశారు. మా జిల్లాలో పాలీ చెప్పే డిగ్రీ కాలేజీ ఒక్కటి లేదు. విగ్రహాలకు మాత్రం కొదవ లేదు: 1992లో హుస్సేన్ సాగర్‌లో నిలబెట్టారు, 2022లో నాగార్జునసాగర్ దగ్గర బుద్ధవనం తెరిచారు. ఆ నాగార్జునుడు సాతవాహన రాజుకు రాశాడని చెప్పే సుహృల్లేఖకు సంస్కృత మూలం పోయింది. టిబెటన్‌లో, చైనీస్‌లో మిగిలింది. ఈ నేల మీది పూర్వశైల, అపరశైల భిక్షువుల్ని పాలీవాళ్లు అంధకులు అన్నారు. వాళ్ల వాదాల్లో చాలావాటిని కథావత్థు అట్ఠకథలో, ఖండించినవాళ్ల మాటల్లోనే వెతుక్కోవాలి. బుద్ధవనానికి టికెట్ కొన్నవాడికి ఇది ఎవరు చెబుతారు?

పీహెచ్‌డీ ఫెలోషిప్ అయిదేళ్లు. రెండు మూలభాషలు సున్నా నుంచి నేర్చుకోవడానికే మూడేళ్లు పోతాయి. ఇంట్లో పంచాంగం చదివే తాత ఉన్నవాడి గడియారమూ, మనదీ ఒకటే అంటే కుదరదు. భాష నేర్చుకునే రెండేళ్లు ఫెలోషిప్ లెక్కలోంచి విడిగా, స్టైపెండుతో ఇవ్వాలి. ఎంఏ మొదటి సెమిస్టరు నుంచే పాలీ అక్షరాల దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. విద్యార్థి సంఘాలు ఈసారి ఇచ్చే డిమాండ్ల పత్రంలో హాస్టల్ మెస్సు పక్కన ఈ రెండూ రాయాలని అడుగుతున్నాను.

పాలీ మనకు మరీ పరాయిదీ కాదు. బళ్లో ప్రకృతి, వికృతి అని బట్టీ పట్టించారు కదా. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. భిక్ష ప్రకృతి, బిచ్చం వికృతి. ఆశ్చర్యం ప్రకృతి, అచ్చెరువు వికృతి. మా అమ్మ పొయ్యిలో రాజేసేది వికృతి అట! పాలీలో నిప్పు అగ్గి. ఆశ్చర్యం అచ్ఛరియ. పుస్తకం పోత్థక, మన పొత్తం. నిద్ర నిద్దా. ప్రాకృతాల మీదుగా మనకు చేరిన ఈ మాటలు ఊళ్లో ముసలమ్మల నోట్లో ఇంకా ఉన్నాయి.

త్రిపిటకం మొత్తం తెలుగు లిపిలోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, మయన్మార్ ఆరో సంగీతి పాఠం. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మా కాలేజీ వెనక వేపచెట్టు కింద వసల సుత్తంతో మొదలుపెడుతున్నాం. దూరంగా ఉన్నవాళ్లు ఫోన్లో చేరొచ్చు. నోటుబుక్కు తెచ్చుకోండి, మొదటి గంట విభక్తులే. సంఘాల అన్నలూ రండి, కుర్చీలు ఉండవు, చాపలే.

జై భీమ్.