కొమ్ముకోనాం వేలంపాటకు కాదు, గాలానికే

పరవాడ తీరంలోని మత్స్యకారులకు, మరబోట్ల యజమానులకు, చేపల వ్యాపారులకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి

2022లో పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు వేటలో చిక్కిన కొమ్ముకోనాం పొట్టలో పొడవడంతో ప్రాణం కోల్పోయారు. 2025 జూలైలో పక్కనే ఉన్న పూడిమడక మత్స్యకారుడిని గాలానికి పడిన కొమ్ముకోనాం తాడుతో సహా సముద్రంలోకి లాక్కుపోయింది. ఈ చేపకు భయపడి దాన్ని కాపాడమని అడగడం లేదు. వంద కిలోలు దాటే చేపను చిన్న ఫైబర్ బోటులోకి లాగడానికి మనవాళ్ళు ఇంత సాహసం ఎందుకు చేస్తున్నారు? రేవులో వేలంపాట ఒక్కసారి పాడితే వచ్చే సొమ్ము కోసం. అదే చేప ప్రాణంతో ఉండి, గాలం వేయడానికి డబ్బిచ్చి వచ్చే అతిథికి చిక్కి, మళ్ళీ నీటిలోకి వెళ్ళిపోతే ఇంతకంటే ఎక్కువ సొమ్ము, ఒకసారి కాదు పలుసార్లు వస్తుంది. ఆ అతిథిని తీసుకెళ్ళే బోటు మన ఊరిదే కావాలి. కొమ్ముకోనాన్ని వాణిజ్య వేట నుంచి తప్పించి క్రీడా వేటకు కేటాయించాలని ఈ కరపత్రం కోరుతున్నది అందుకే.

ముందు చేప సంగతి చూద్దాం. మనం కొమ్ముకోనాం అని ఒకే పేరుతో పిలిచే వాటిలో నల్ల మార్లిన్, నీలి మార్లిన్, చారల మార్లిన్, తెరచాప లాంటి రెక్క ఉన్న సెయిల్‌ఫిష్ ఉన్నాయి. మార్లిన్లలో బాగా పెద్దవన్నీ ఆడవే. 1953లో పెరూ తీరంలో గాలానికి చిక్కిన నల్ల మార్లిన్ 707 కిలోలు తూగింది, ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. కాబట్టి పెద్ద చేప రేవుకు వచ్చిందంటే గుడ్లు పెట్టే తల్లి వచ్చిందనే లెక్క. ఈ చేపలకు సరిహద్దులు లేవు. అందుకే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2018లో 18/05 తీర్మానం చేసి ఏటా పట్టే పరిమితులు పెట్టింది: నల్ల మార్లిన్ 9,932 టన్నులు, నీలి మార్లిన్ 11,930, చారల మార్లిన్ 3,260, సెయిల్‌ఫిష్ 25,000. 60 సెంటీమీటర్ల లోపు పిల్లలను ఉంచుకోవద్దని కూడా చెప్పింది. చారల మార్లిన్ ఇప్పటికే మితిమీరిన వేటకు గురై క్షీణించిందని ఆ కమిషన్ శాస్త్రవేత్తల అంచనా. భారత్ ఆ కమిషన్‌లో సభ్య దేశం. కాగితం మీద ఒప్పుకున్న మాట మన రేవుల్లో మాత్రం వినిపించదు.

తప్పంతా విదేశీ లాంగ్‌లైన్ నౌకలదే అనడం మనకు అలవాటు. విశాఖ కేంద్రంగా అనుమతి పత్రాలతో లాంగ్‌లైన్ నౌకలు తిరిగిన కాలం ఒకటుంది, ఆ విధానం 2017లో రద్దయింది. అయితే హిందూ మహాసముద్రంలో నల్ల మార్లిన్‌నూ సెయిల్‌ఫిష్‌నూ ఎక్కువగా పడుతున్నవి తీర దేశాల గిల్‌నెట్ వలలే. ఇరాన్, శ్రీలంకలతో పాటు మన దేశానిదీ అందులో పెద్ద వాటా. సూర కోసం వేసిన వలలో కొమ్ముకోనాం కూడా పడుతుంది. అది అనుకోకుండా పడిందే కావచ్చు. కానీ దానికి ధర పలికినంత కాలం దాన్ని తప్పించుకునే ఆలోచన ఎవరికీ రాదు. అందుకే పట్టడం మీద కన్నా అమ్మకం మీద ఆంక్ష ముఖ్యం. అమెరికా 2012లో చేసిన బిల్‌ఫిష్ చట్టం ఈ సూత్రం మీదే నడుస్తుంది. న్యూజిలాండ్‌లో వాణిజ్య బోట్లకు చిక్కిన మార్లిన్ బతికున్నా చచ్చినా తిరిగి సముద్రంలో వదలాల్సిందే. మెక్సికో తన తీరం నుంచి 50 నాటికల్ మైళ్ళ వరకు ఈ జాతులను క్రీడా వేటకే ఉంచింది. ఆ దేశంలోని లాస్ కాబోస్‌లో 2007లో సుమారు మూడున్నర లక్షల మంది విదేశీ అతిథులు గాలం వేశారనీ, 63 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారనీ ఒక అధ్యయనం తేల్చింది. అది చేయించింది క్రీడా వేటను సమర్థించే సంస్థే కాబట్టి ఆ లెక్కలో సగాన్ని కొట్టేసుకుందాం. మిగిలిన సగమైనా వేలంపాటలో ఎన్నటికీ రాదు.

పేదవాడి నోటి ముందు కూడు లాక్కుని డబ్బున్నవాడి సరదాకు పెడతారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మాసిటీ, రేవులు వచ్చాక ఒడ్డు దగ్గర చేప తగ్గిందని మన మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సూర కోసం ఇంకా దూరం పోవాల్సి వస్తోందంటున్నారు. వాళ్ళ మీద మరో భారం వేస్తే అది సంస్కరణ అనిపించుకోదు. కాబట్టి ఆంక్ష పైనుంచి కిందికి రావాలి. ముందు లాంగ్‌లైన్లు, తర్వాత పెద్ద మరబోట్ల గిల్‌నెట్లు, చిట్టచివర చేతి గాలంతో వెళ్ళే ఫైబర్ బోట్లు. క్రీడా వేట ఆదాయం ఊళ్ళోకి రావడం మొదలయ్యాకే ఆ చివరి మెట్టు ఎక్కాలి. ఈలోగా వలలో పడిన కొమ్ముకోనాన్ని ప్రాణంతో వదలడానికి వల కోసుకుంటే ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి. ఇది ఊహ కాదు. గుజరాత్‌లో తిమింగల సొరను వదలడానికి కోసుకున్న వలలకు అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి మన ప్రభుత్వం 20,000 రూపాయల భృతి ఇస్తున్నదీ ఈ న్యాయంతోనే.

తిమింగల సొరను 2001లో చేర్చినట్టు దీన్ని కూడా వన్యప్రాణి చట్టంలో చేర్చితే పోదా అనే మాట ఇంకొకటి. అలా చేస్తే గాలం వేయడం కూడా వేటాడటమే అవుతుంది. కావేరి ఒడ్డున భీమేశ్వరి ప్రాంతంలో మహసీర్ చేపను పట్టి వదిలే క్రీడ ఒకప్పుడు బాగా సాగింది, స్థానికులు గైడ్లుగా, కాపలాదారులుగా బతికారు. అభయారణ్యంలో గాలం వేయడమూ వేటే అన్న లెక్కతో గత దశాబ్దం తొలి ఏళ్ళలో అది ఆగిపోయింది. గైడు పని పోతే నది మీద కన్నేసి ఉంచేవాడూ పోతాడు. అందుకే మనకు కావలసింది అడవి చట్టం కాదు, మత్స్య చట్టం. 12 నాటికల్ మైళ్ళ వరకు రాష్ట్రానికి 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ఉంది. ఆపైన 200 మైళ్ళ వరకు అధికారం కేంద్రానిది, 2025 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడికి వెళ్ళే మరబోట్లకు అనుమతి పాసు కావాలి. కొమ్ముకోనాం అమ్మరాదన్న షరతును ఆ పాసులోనే పెట్టవచ్చు.

పట్టి వదిలినా చేప చస్తుంది కదా, ఇది హింస కాదా అన్నవారికి జవాబు: కొన్ని చస్తాయి, దాచనక్కర్లేదు. గుండ్రటి గాలం వాడి, బలమైన తాడుతో పోరాటాన్ని త్వరగా ముగించి, చేపను నీటిలోంచి పైకెత్తకుండా కొక్కెం తీస్తే ఎక్కువ చేపలు బతుకుతాయి. ఐసు పెట్టెలోకి చేరినది ఒక్కటీ బతకదు. వేట నిషేధ కాలంలో క్రీడా వేట కూడా ఆగాలి, అతిథికి వేరే క్యాలెండర్ ఉండకూడదు. విశాఖలో తూర్పు నౌకాదళం, రాంబిల్లిలో కొత్త స్థావరం మధ్య ఉన్న తీరం మనది, బయటివాళ్ళను సముద్రంలోకి ఎలా పంపుతారన్న సందేహమూ న్యాయమైనదే. ఏ దారిన వెళ్ళాలో, ఏ వేళకు తిరిగి రావాలో ముందే ఖరారు చేసి, నమోదైన బోట్లలో స్థానిక సరంగుతోనే పంపాలి. విదేశీయుల కోసమే ఎదురుచూడనక్కర్లేదు, అండమాన్‌లో ఇలాంటి క్రీడ ఇప్పటికే నడుస్తోంది.

కాబట్టి మేము అడుగుతున్నది నాలుగు పనులు. ముత్యాలమ్మపాలెం కేంద్రంగా మూడేళ్ళ ప్రయోగం మొదలుపెట్టాలి, దాని లైసెన్సులు మత్స్యకార సహకార సంఘాల బోట్లకు మాత్రమే ఇవ్వాలి. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, భారత మత్స్య సర్వేక్షణ సంస్థ కలిసి రేవుకు వచ్చే ప్రతి కొమ్ముకోనాన్నీ జాతివారీగా నమోదు చేయాలి. వదిలిన చేపకు, కోసిన వలకు పరిహార నిధి పెట్టాలి. మరబోట్ల అమ్మకంపై ఆంక్షను దశలవారీగా ప్రకటించాలి. మూడేళ్ళ తర్వాత లెక్క చూద్దాం. సహకార సంఘానికి వచ్చిన సొమ్ము వేలంపాట సొమ్ము కన్నా తక్కువైతే ఈ కరపత్రం తప్పని మేమే ఒప్పుకుంటాం. ఎక్కువైతే, వంద కిలోల చేపను బోటులోకి లాగడం కోసం పరవాడ తీరంలో ఇంకెవరూ ప్రాణాన్ని పణంగా పెట్టనక్కర్లేదు.