సైట్ ప్లాన్‌లో వాడ ఏ దిక్కున ఉంది?

ఆర్కిటెక్చర్ విద్యార్థి ఒక స్థలంలో ఏదైనా కట్టాలని తలపెట్టినప్పుడు మొట్టమొదట గీసే పటాన్ని సైట్ అనాలిసిస్ అంటారు. ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, నైరుతి గాలి ఎటు వీస్తుంది, వాన నీరు ఏ పల్లానికి జారుతుంది, రోడ్డు మీద ఏ వేళకు ఎంత రద్దీ ఉంటుంది, ఏ చెట్టును కొట్టకుండా మిగల్చాలి అన్నవన్నీ అందులో రంగురంగుల బాణాలతో ఉంటాయి. సమాజశాస్త్రం బోధించే నన్ను 'సామాజిక కోణం' కోసమని ఇలాంటి ప్రాజెక్టుల జ్యూరీలకు అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఆ పటాల్లో నేను ప్రతిసారీ వెతికేది ఒక్కటే: ఊరికి వాడ ఏ దిక్కున ఉంది? చెట్ల పేర్లు సైతం రాసిన పటాల్లో నాకు ఇంతవరకు ఆ గుర్తు కనిపించలేదు.

ఈ ఏడాది చూసిన తుది సంవత్సరం ప్రాజెక్టుల్లో రెండు సత్తుపల్లి ప్రాంతానివి. ఒకటి పట్టణంలో కమ్యూనిటీ సెంటర్. కూరగాయల బజారు, గ్రంథాలయం, వేడుకల హాలు ఒకే కప్పు కింద. రెండోది అశ్వారావుపేట వైపు అడవి అంచున ఎకో రిసార్టు. మొదటిదాన్ని గీసిన విద్యార్థిని బజారు చుట్టూ మూడు రోజులు తిరిగి, ఎవరు ఎక్కడ బుట్ట దించుతారో, నీడ ఏ గంటకు ఎటు జరుగుతుందో ఓపికగా నమోదు చేసింది. ఆ శ్రద్ధను మెచ్చుకోవాలి. 'వేడుకల హాలును ఎవరెవరు వాడుకుంటారమ్మా?' అని అడిగితే 'అందరూ సర్' అంది. ఆమెను తప్పుపట్టలేను, ఐదేళ్ల చదువులో ఆమెకు నేర్పిన మాట అదే. 'కమ్యూనిటీ' అన్న మాట మన ఆర్కిటెక్చర్ తరగతుల్లో కులం లేని, పేరు లేని, తగాదా లేని ఒక గుంపుకు పెట్టిన పేరు.

నిజానికి ఈ ప్రశ్న అడగడానికి సత్తుపల్లి కన్నా తగిన చోటు అరుదు. 2009 ఎన్నికల నుంచి అది షెడ్యూల్డు కులాలకు కేటాయించిన శాసనసభ స్థానం. పొరుగునే ఉన్న అశ్వారావుపేట షెడ్యూల్డు తెగలది. మామిడి, పామాయిల్ తోటలు, ఆ తోటల్లో కూలికి పోయే వాడలు, అడవి వైపు కోయ గూడేలు, పట్టణాన్ని ఆనుకునే సింగరేణి వారి జలగం వెంగళరావు ఓపెన్‌కాస్ట్ గని. ఈ బొగ్గును తరలించడానికి కొత్తగూడెం వైపు నుంచి సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గమే వేశారు. గనిలో పేలుళ్లకు ఇళ్లు అదిరి గోడలు బీటలు వారుతున్నాయని సమీప కాలనీల వారు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. నేను చూసిన పటంలో ఇది 'శబ్ద కాలుష్యం' అన్న రెండు మాటలకు కుదించుకుపోయింది. గనికి దగ్గరగా మిగిలినవారెవరు, దూరంగా జరగగలిగినవారెవరు అన్నది డెసిబెల్స్‌లో కొలిచే సంగతి కాదు. దానికి ఇల్లిల్లూ తిరిగి, ఎవరిని ఎవరని అడగక తప్పదు.

రిసార్టు ప్రాజెక్టు తీరు మరీ విచిత్రం. కోయల ఇంటి నుంచి వెదురు తడిక, మట్టి పూత, తాటాకు కప్పు తీసుకున్నారు. కోయలను మాత్రం ఆవలే ఉంచారు. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరుల పేరిట మార్చడం చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద సామూహిక హక్కులను గుర్తించింది. దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో రిసార్టు గీసే విద్యార్థికి ఆ స్థలం షెడ్యూల్డు గ్రామంలో ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. నేను ఆ మాట ఎత్తితే, అది లా విద్యార్థులు చూసుకునే సంగతి అన్నారు. కార్ల పార్కింగు చాలలేదని మాత్రం మార్కులు తగ్గించారు.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ భారతీయ గ్రామాన్ని అంత నిర్దాక్షిణ్యంగా నిరాకరించినప్పుడు ఆయన కళ్ల ముందున్నది ఒక మనస్తత్వం మాత్రమే కాదు, ఒక నిర్మాణం. ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో, ఎవరు ఏ బావి దగ్గర ఆగాలో, మురుగు ఎవరి గుమ్మం ముందుకు దిగాలో నిర్ణయించిన ప్లాన్ అది. దానిని ఏ ఆర్కిటెక్టూ గీయలేదు, ఏ మున్సిపాలిటీ ఆమోదించలేదు. అయినా దేశంలో ఇంత కచ్చితంగా అమలైన మాస్టర్ ప్లాన్ మరొకటి లేదు. 1985లో కారంచేడు ఘటనకు నిప్పు రాజుకున్నది మంచినీటి చెరువు గట్టు మీద. ప్రాణాలు దక్కించుకున్నవారు ఊరు వదిలి చీరాలలో కొత్త నివాసం ఏర్పరచుకున్నారు. మన సమకాలీన చరిత్రలో స్థలానికి, కులానికి ఉన్న ముడిని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ ఏముంది? ఆర్కిటెక్చర్ చరిత్ర పాఠంలో గ్రీకు దేవాలయాల స్తంభాలుంటాయి, లే కార్బుజియె చండీగఢ్ ఉంటుంది. కారంచేడు ఉండదు.

ఈ మౌనానికి ఒక కారణం తరగతి గది కూర్పులోనే ఉంది. ఐదేళ్ల చదువు, దాని ఫీజులు, లాప్‌టాప్, నమూనాలకు కావలసిన సామగ్రి, ప్రింట్ల ఖర్చు. వాడ నుంచి వచ్చిన పిల్లలకు సీటు దక్కినా ఇవి గొంతు మీద కూర్చుంటాయి. ఇంకో కారణం లోతైనది. రాయి కొట్టి మట్టి మోసిన వడ్డెరలు, తలుపులు చెక్కిన వడ్రంగులు, పెంకులు కాల్చిన కుమ్మరులు, గోడ కట్టే తాపీ మేస్త్రీలు, వాళ్లకు తట్టలందించే దళిత స్త్రీలు తరతరాలుగా మన ఇళ్లన్నీ కట్టారు. 1972 ఆర్కిటెక్టుల చట్టం తర్వాత రిజిస్ట్రేషన్ లేనిదే ఎవరూ ఆ పేరు పెట్టుకోరాదు. వృత్తి ప్రమాణాలకు అలాంటి చట్టం అవసరమే, కాదనను. అయితే చేతికీ గీతకూ మధ్య కులం గీసిన పాత గీత మీదే ఈ కొత్త గీత పడిందన్న సంగతి తరగతిలో ఒక్కసారైనా చర్చకు రావాలి కదా.

పరిసరాల నుంచి, సమూహపు అవసరం నుంచి పుట్టిన విద్యార్థి నిర్మాణం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఏ కళాశాల థీసిస్సూ కాదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ గదుల నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట నిలబెట్టిన వెలివాడ. ఫూలే, సావిత్రిబాయి, అంబేద్కర్ బొమ్మలున్న ఫ్లెక్సీలే దాని గోడలు. వారిలో రోహిత్ వేముల ఆ నెల 17న మరణించాడు. ఊరి పటంలో ఎక్కడా రాయని దిక్కును ఆ ఐదుగురు విశ్వవిద్యాలయం నడిబొడ్డున గీసి చూపారు. ఆర్కిటెక్చర్ బోధకులు దీనిని నిర్మాణంగా చదవకపోతే, తాత్కాలిక ఆవాసం గురించి వారు చెప్పే పాఠాలకు అర్థమేముంటుంది?

ఇది మన దేశపు గొడవే కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే హేల్ కౌంటీలో, శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఆబర్న్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు 1993లో రూరల్ స్టూడియో మొదలుపెట్టారు. విద్యార్థులు అక్కడే కాపురముండి, గడ్డి మోపులతో గోడలు పేర్చి ఒక వృద్ధ నల్లజాతి దంపతులకు తొలి ఇల్లు కట్టారు. తర్వాత 2005లో, ఇరవై వేల డాలర్లలో గౌరవంగా బతికే ఇల్లు సాధ్యమా అన్న ప్రశ్నకు పూనుకున్నారు. కట్టేవారిలో తెల్లవారే అధికం, పుచ్చుకునేవారు నల్లవారు, ఇది దాతృత్వమే కదా అన్న విమర్శ వారిని వదల్లేదు. ఆ విమర్శ సబబే. అయినా వారు జాతి పటాన్ని దాచి ప్రాజెక్టు గీయలేదు. మనవారు చేసేది దానికి సరిగ్గా తలకిందులు.

'కులం గురించి అడిగితే పిల్లల్లో విభజన వస్తుంది, జనం కూడా నొచ్చుకుంటారు' అని ఒక సహోద్యోగి నాతో అన్నారు. వాడలో ఎవరూ నొచ్చుకోరు. వారికి తమ దిక్కు తెలుసు. ఇబ్బంది పడేది అడిగేవారే. కమ్యూనిటీ సెంటర్ సంగతే చూడండి. గుమ్మం ఊరి వైపు తిరిగి ఉంటే మాదిగ కుటుంబం తమ పెళ్లికి ఆ హాలును అడుగుతుందా? వంటశాల ఒకటే అయితే ఎవరు వండాలన్న తగువు వస్తుందా? తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇవి సమాజశాస్త్రపు ప్రశ్నలే కాదు, గుమ్మం, మెట్టు, వరండా ఎక్కడ పెట్టాలో తేల్చే డిజైన్ ప్రశ్నలు.

ఇక చేయవలసిన పని కళ్లెదుటే ఉంది. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది భద్రాచలంలోనే. సొంత స్థలం ఉన్నవారికి కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి ఐదు లక్షల రూపాయలు, దశల వారీగా. స్థలమే లేనివారి మాట పక్కన పెట్టినా, ఈ ఇళ్లను మేస్త్రీ సలహాతో లబ్ధిదారులే కట్టుకుంటారు. ఆర్కిటెక్టు ఆ గుమ్మం తొక్కడు. సత్తుపల్లి వాడలో పది కుటుంబాలతో ఒక సెమిస్టరంతా కూర్చుని, మేకలు, ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు, పేలుళ్ల అదురు అన్నీ లెక్కలోకి తీసుకుని ఆ 400 అడుగులను గీసే విద్యార్థికి రిసార్టు గీసినవాడికన్నా ఎక్కువ మార్కులు పడాలి. ఆ మార్కులు వేసేవారిలో ఆ ఇంటి ఆడమనిషి, కట్టే మేస్త్రీ ఉండాలి, వారికి ఆ రోజు కూలి కళాశాలే చెల్లించాలి. ఎస్సీ, ఎస్టీ సంక్షేమ హాస్టళ్లలో ఎంతమందికి ఎన్ని మరుగుదొడ్లు, నీరు ఏ వేళకు వస్తుంది, ఆడపిల్లలు రాత్రి పూట ఎటు నడవాలి అన్నవి లెక్కగట్టి, ఆ పటాలను జిల్లా అధికారుల బల్ల మీద పెట్టడం కూడా థీసిస్సే. మునుపు అదే హాస్టల్లో చదువుకుని ఇప్పుడు బీఆర్క్ చేస్తున్న విద్యార్థి తరగతిలో ఒక్కరున్నా, సైట్ అనాలిసిస్ బాధ్యత ఎవరికివ్వాలో అధ్యాపకులకు వేరే చెప్పనక్కరలేదు.