జామాయిల్ తోటలు: కలపతో పాటు తరలిపోతున్న నేలసారం

జామాయిల్ తోటలపై దేశంలో వాదోపవాదాలు కొత్తవి కావు. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయన్న ఆందోళనతో కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా ఈ మొక్కలు నాటడాన్ని నిషేధించింది. అయితే చర్చ ఎప్పుడూ నీటి దగ్గరే ఆగిపోతోంది. నరికిన ప్రతిసారీ కలపతో పాటు లారీలకెక్కి పోయే నేలసారాన్ని పట్టించుకునేవారు అరుదు. కాగితం మిల్లుల కోసం జామాయిల్, సుబాబుల్, సరుగుడు పెంచుతున్న తెలుగు రాష్ట్రాల రైతులకు ఇది నీటికి తీసిపోని సమస్య.

అడవిలో చెట్టు తాను తీసుకున్నదాన్ని తిరిగి నేలకే ఇస్తుంది. రాలిన ఆకు ఉష్ణమండలపు వేడికీ తేమకూ త్వరగా కుళ్లి, అందులోని పోషకాలు మళ్లీ వేళ్లకు అందుతాయి. పెంచిన తోటలోనూ ఈ చక్రం ఏర్పడుతుంది; కాని దానికి వ్యవధి కావాలి. తొలి సంవత్సరాల్లో ఆకునూ కొమ్మనూ పెంచుకోవడానికి మొక్క నేల నుంచే తోడుకుంటుంది. గుబురు కమ్ముకున్నాక ఆకు రాలడం పెరుగుతుంది. రాలేముందు ఆకులోని నత్రజనిలో, భాస్వరంలో చాలా భాగాన్ని చెట్టు వెనక్కి తీసుకుని కొత్త చిగుళ్లకు పంపుకుంటుంది. నేల మీద భారం తగ్గేది అప్పుడే. సరిగ్గా ఆ దశలో, నాలుగైదేళ్లకే, గొడ్డలి పడుతోంది. పైగా లేత చెట్టులో బెరడు వాటా, పోషకాల సాంద్రత ఎక్కువ. అందువల్ల టన్ను కలపకు నేల కోల్పోయేది ముదురు చెట్టు విషయంలో కంటే అధికం.

ఏ భాగం పొలం దాటుతోందన్నది కీలకం. జామాయిల్‌లో కాల్షియం బెరడులోనూ, నత్రజని ఆకులోనూ దండిగా ఉంటాయి. బెరడును అక్కడే ఒలిచి, ఆకూ రెమ్మా నేలపై పరిస్తే నష్టం బాగా తగ్గుతుంది. కాని తరచు జరిగేది వేరు: రెమ్మలు వంటచెరకుగా పోతాయి, మిగిలిన చెత్తకు నిప్పు పెడతారు. మంటలో నత్రజని గాలిలో కలిసిపోతుంది. బూడిదలో మిగిలినదాన్ని వాన కడిగేస్తుంది. కోస్తా ఇసుక నేలల్లోని సరుగుడు, వేళ్లలోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి సాయంతో గాలి నుంచి నత్రజని పొందుతుంది. కాబట్టి సరుగుడు వేస్తే నేల బలపడుతుందన్న నమ్మకం ఉంది. అది సగమే నిజం. భాస్వరం, పొటాష్ గాలి నుంచి రావు. రాలిన ఆకును ఊడ్చి పొయ్యిలోకి తీసుకుపోయేచోట ఆ నత్రజనీ నిలవదు.

అంతర్జాతీయ అటవీ పరిశోధనా కేంద్రం సమన్వయంతో 1995 నుంచి పలు దేశాల్లో ఈ అంశంపై క్షేత్ర ప్రయోగాలు సాగాయి. కేరళ అటవీ పరిశోధనా సంస్థ కూడా పాల్గొంది. కాంగో ఇసుక నేలల్లో కోత వ్యర్థాలను పూర్తిగా తొలగించినచోట తర్వాతి తోట ఎదుగుదల స్పష్టంగా తగ్గింది. సారవంతమైన నేలల్లో తేడా అంతగా కనిపించలేదు. అంటే ఒకే సలహా అన్ని నేలలకూ పనికిరాదు; పరీక్ష తప్పదు. చిక్కు అక్కడే ఉంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు కొలిచే 12 అంశాల్లో కాల్షియం లేదు.

మిల్లు టన్ను లెక్కన ధర చెల్లిస్తుంది. రైతు వేసుకునే లెక్కలో మొక్కల ఖర్చు, నరుకుడు కూలి, రవాణా ఉంటాయి. పోయిన సారం ఖరీదు ఉండదు. మోడు చిగుళ్ల నుంచి రెండో కోత, మూడో కోత తీసి, ఆ భూమిని తిరిగి మిరపకో వేరుశనగకో మళ్లించినప్పుడు ఆ భారం ఎరువుల ఖర్చు రూపంలో బయటపడుతుంది. బెరడు, ఆకు పొలంలోనే వదలాలన్న షరతును కొనుగోలు ఒప్పందంలో చేర్చి, అందుకు అయ్యే అదనపు కూలిని ధరలో కలపడం మిల్లులకు అసాధ్యమేమీ కాదు.