దస్తర్‌ఖాన్‌పై పచ్చి క్యాబేజి

క్యాబేజి అనగానే మన ఇళ్లలో ముందుగా తలపునకు వచ్చేవి పెసరపప్పు వేసిన కూర, ఖీమాతో చేసిన వేపుడు. పచ్చిగా తినడమంటే పలావు పళ్లెం అంచున ఉల్లి చక్రాల పక్కన వేసే పిడికెడు తరుగు మాత్రమే. దావత్ ముగిసేసరికి ఆ తరుగు చాలా పళ్లేలలో ముట్టకుండానే మిగిలిపోతుంది. భోజనంలో దాని పని ఏమిటో తెలిసినవారు దానిని అలా వదలిపెట్టరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించినవారికి రక్తహీనత ఉన్నది. ఇందుకు ఇనుము లోపం ఒక ముఖ్య కారణం. మాంసంలోని ఇనుమును శరీరం సులువుగా గ్రహిస్తుంది. పప్పులలో, ఆకుకూరలలో ఉన్న ఇనుము అంత సులువుగా ఒంటికి పట్టదు. అదే భోజనంలో సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. 100 గ్రాముల పచ్చి క్యాబేజిలో సుమారు 36 మిల్లీగ్రాముల సి విటమిన్ లభిస్తుంది. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది. అందరికీ వడ్డించి చివర కూర్చునే ఇల్లాలికి మాంసం ముక్కలు మిగలకపోవచ్చు. అన్నం, పప్పు మిగులుతాయి. కనుక ఇంట్లో ఈ పచ్చి తరుగు అవసరం అందరికన్నా ఎక్కువగా ఆమెకే.

రుచి లేదని పక్కన పెట్టేవారు ఇతర దేశాల వంటిళ్ల వైపు ఒకసారి చూడాలి. లెబనాన్, సిరియా, పాలస్తీనా ప్రాంతాలలో క్యాబేజిని ‘మల్‌ఫూఫ్’ అంటారు. చుట్టబడినది అని దాని అర్థం. సన్నని తరుగులో నిమ్మరసం, నూరిన వెల్లుల్లి, ఉప్పు, ఎండు పుదీనా పొడి, ఆలివ్ నూనె కలిపితే వారి సలాడ్ సిద్ధం. కబాబుల పక్కన అది ఎంతో ఇంపుగా ఉంటుంది. తెనాలి నిమ్మకాయల మార్కెట్ పేరు రాష్ట్రమంతటా తెలిసినదే. ఆలివ్ నూనె లేకున్నా, ఆ నిమ్మకాయలతో, మన వేరుశనగ నూనెతో ఈ వంట చక్కగా కుదురుతుంది.

గుజరాతీయులు ‘సంభారో’ చేస్తారు. ఆవాలు, ఇంగువ, పసుపు, పచ్చిమిర్చి తాలింపులో క్యాబేజి, క్యారెట్ తరుగును రెండు నిమిషాలు మాత్రమే తిప్పి, కరకరలాడుతుండగానే దించుతారు. పచ్చి వాసన గిట్టనివారికి ఇది తగినది. తెనాలి పక్కనే దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉన్నది. మంచి పసుపుకు కొదవ లేదు. మరాఠీల ‘కోశింబీర్’లో వేయించిన వేరుశనగ గుండల పొడి, నిమ్మరసం, కొత్తిమీర చేరుతాయి. బాపట్ల చుట్టుపక్కల ఇసుక నేలలలో పండే వేరుశనగ ఇందుకు చక్కగా సరిపోతుంది.

ఒకప్పుడు తెలుగువారు వేలాదిగా వలస వెళ్లిన బర్మాలో క్యాబేజి తరుగును వేరుశనగ గుండలు, వేయించిన ఉల్లి, నిమ్మరసం, ఎండు రొయ్యల పొడితో చేతితో కలుపుతారు. నిజాంపట్నం తీరానికి చేరువగా ఉన్న రేపల్లె ఇళ్లకు ఎండు రొయ్య కొత్త కాదు. రొయ్యల విషయంలో భిన్నాభిప్రాయం గల ఇళ్లవారు దానిని వదలి మిగిలినవి కలుపుకోవచ్చు.

ఉప్పుతో పులియబెట్టేవారి దారి వేరు. జర్మనులు తరుగుకు ఉప్పు పట్టించి, దాని నుంచి ఊరిన నీటిలోనే వారాల తరబడి పులియనిస్తారు. కొరియా వారి కిమ్చి పొడుగాటి ఆకుల క్యాబేజితో, మిరప పొడితో తయారవుతుంది. కుటుంబాలు కలిసి కిమ్చి పెట్టుకునే వారి ఆచారాన్ని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. వీటికి దగ్గరి బంధువు మన క్యాబేజి ఆవకాయ. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, నిమ్మరసం కలిపితే ఒకటి రెండు రోజులలో ఊరుతుంది. ఆవాలు, క్యాబేజి ఒకే కుటుంబపు మొక్కలు. అందుకే ఒకదాని ఘాటు మరొకదానితో అంతగా కలుస్తుంది.

బజారులో బర్గర్ పక్కన ఇచ్చే కోల్‌స్లా పేరు డచ్చి భాష నుంచి వచ్చింది. క్యాబేజి సలాడ్ అనే దాని అర్థం. దానిలోని మయోనైజ్ విషయంలో జాగ్రత్త అవసరం. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. పిల్లలు అడిగితే గుడ్డలో కట్టి నీరు వార్చిన గట్టి పెరుగు, మిరియాల పొడి, కొద్దిగా సిర్కా కలిపి ఇంట్లోనే చేయండి. దైవప్రవక్త (స) సిర్కాను మంచి వ్యంజనమని మెచ్చుకున్నట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. అయితే సిర్కాలో సి విటమిన్ ఉండదు. ఆ మేలు కోరితే నిమ్మరసం కూడా పిండాలి.

పచ్చిగా తినేదానికి శుభ్రత ముఖ్యం. పైఆకులు రెండు మూడు తీసివేసి, గడ్డను నాలుగు చెక్కలుగా కోసి, ఉప్పునీటిలో పావుగంట ఉంచండి. పొరల మధ్య దాగిన పురుగులు బయటపడతాయి. తరువాత ఆకులు విడదీసి తాగే నీటితో కడిగి, తడి ఆరాక తరగండి. నలుగురికి పావుకిలో తరుగు, ఒక నిమ్మకాయ, అర చెంచా ఉప్పు చాలు. వడ్డించే ముందే తరిగి కలపాలి. భోజనం కాగానే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఒక గంట ఆగడం మేలు. థైరాయిడ్ సమస్య ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుని అడిగి తినాలి.

సోదరీమణులారా, చలికాలంలో క్యాబేజి చవకగా దొరుకుతుంది. మాంసం లేని రోజున దీని అవసరం మరింత ఎక్కువ. తరుగు కలిపిన వెంటనే, వడ్డన మొదలు కాకముందే, మీ వంతు ఒక గిన్నెలో తీసి మూత పెట్టుకోండి. ఇంటి మగవారు ఆ గిన్నె నిండుగా ఉన్నదో లేదో చూసి భోజనానికి కూర్చుంటే మరీ మంచిది. ఇంటివారి హక్కులలో వారి ఆరోగ్యం కూడా ఒకటి.