దుమ్ము దులిపే ముందు ఒక్క మాట

పోయిన నెలలో ఓ ఆదివారం నేనొక అంతరిక్ష నౌకని కూల్చేశాను. నవ్వకండి, నిజమే. నా చేతిలో దుమ్ము గుడ్డ తప్ప వేరే ఆయుధం కూడా లేదు.

మా వాడి గదిలో అల్మరా పై అరలో ఒక బొమ్మ ఉంటుంది. బొమ్మ అంటే వాడికి కోపం, "మోడల్ అమ్మా" అంటాడు. 'స్టార్ ట్రెక్' అనే పాత అమెరికన్ సీరియల్లో వచ్చే ఎంటర్‌ప్రైజ్ నౌక అది. రెండు సంక్రాంతులకి తాతయ్య ఇచ్చిన డబ్బులు దాచుకుని కిట్ తెప్పించుకున్నాడు. పదో తరగతి సెలవుల్లో నెల రోజులు కూర్చుని అతికించాడు, రంగులు వేశాడు. ఇంటర్లో చేరాక దాని వంక చూసే తీరిక కూడా లేదు పాపం.

అర తుడుస్తూ దాన్ని పక్కకి జరుపుదామని వెనకున్న పొడుగాటి గొట్టం పట్టుకుని లేపాను. టప్పుమంది. గొట్టం నా చేతిలో, నౌక నేల మీద.

సాయంత్రం వాడొచ్చి చూసి అరుస్తాడనుకున్నాను. "పర్లేదులే అమ్మా" అని ముక్కలు ఏరి ఒక డబ్బాలో వేసి, పుస్తకం తెరిచాడు. మా ఆయన మాత్రం "పోనీలే, పీడా వదిలింది. ఇంటర్ చదివేవాడికి బొమ్మలేమిటి" అన్నారు. వాడు తలెత్తలేదు. వాడు అరిచుంటే నేనూ నాలుగు అనేసి మర్చిపోయేదాన్ని. ఆ "పర్లేదులే" మాత్రం రాత్రంతా గుచ్చుతూనే ఉంది.

మర్నాడు రాత్రి ఫెవిక్విక్ పట్టుకుని వాడి గదిలోకి వెళ్ళాను, "అతికిద్దాం రారా" అని. "అది వద్దమ్మా, రంగు మీద తెల్లగా పొగ పట్టినట్టు మచ్చ వేస్తుంది" అని వాడి దగ్గరున్న చిన్న సీసా తీశాడు. అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుందట. అది ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఆ పట్టుకునే పని నాకిచ్చాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి చెవులు అప్పగించాను. చాలా రోజుల తర్వాత వాడు నాతో అంతసేపు మాట్లాడాడు.

ఈ నౌకకి రూపమిచ్చినాయన పేరు మాట్ జెఫరీస్. స్వయంగా విమానాలు నడిపిన మనిషి. సీరియల్ 1966లో మొదలైంది, అంటే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి మూడేళ్ళ ముందు. రాకెట్‌లాగా ఉండకూడదు, వెనక మంటలు రాకూడదు అని షరతు పెట్టారట. అందుకే ముందు పెద్ద పళ్ళెం, దాని కింద మెడ, ఆ మెడకి లావాటి పొట్ట, పొట్ట మీంచి రెండు కాళ్ళెత్తి వాటి చివర రెండు గొట్టాలు.

"అంత సన్నటి కాళ్ళెందుకురా, నాలాంటిది ముట్టుకుంటే విరిగేలా?" అన్నాను. ఆ గొట్టాలు ఇంజన్లట. అంత శక్తి ఉన్నవి మనుషులకి దూరంగా ఉండాలని అలా పెట్టారట. మనం గ్యాస్ బండని వంటింటి బయట పెట్టించుకుంటాం చూడండి, అదే లెక్క. ఒళ్ళంతా నున్నగా ఎందుకుందంటే, ఏదైనా పాడైతే మనిషి బయటికి వెళ్ళి బాగు చేయక్కర్లేకుండా యంత్రాలన్నీ లోపలే ఉండాలని. పళ్ళెం మీద ఎన్‌సీసీ-1701 అనే నంబరుకీ కారణం ఉంది. 3, 6, 8, 9 దూరం నుంచి ఒకదానికొకటి పొరబడతాయని వాటిని వదిలేశాడట. ఇంత ఆలోచన ఉన్న వస్తువుని నేను ఏడాదిగా "ఆ ప్లేటు బొమ్మ" అంటున్నాను!

సీరియల్లో చూపించిన అసలు మోడల్ పదకొండు అడుగుల పొడవు. దాన్ని ఎక్కువగా చెక్కతోనే చేశారు. 1974 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కొన్నేళ్ళు గిఫ్టుల దుకాణంలో ఓ పక్కన ఉందట పాపం. తర్వాత 2014లో దించి, రెండేళ్ళు బాగు చేసి, 2016లో ముందు హాల్లో పెట్టారు. లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం ఉన్న హాలే అది. పళ్ళెం పైభాగంలో మిగిలిన పాత రంగుని మాత్రం చెరపకుండా అలాగే ఉంచారు.

చెక్క అనగానే నాకు మా అమ్మమ్మ కొండపల్లి బొమ్మలు గుర్తొచ్చాయి. తెల్ల పొణికి చెక్కతో చేసిన దశావతారాలు, పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెలో ఉండేవి. సంక్రాంతికి కొలువు పెట్టేటప్పుడే బయటికి తీసేది. ఓసారి మా పెద్దమ్మ కొడుకు వామనుడి గొడుగు విరిచేస్తే అన్నం మానేసి ఏడ్చాను. అప్పుడెవరూ నన్ను "బొమ్మ కోసం ఏడుపేమిటి" అనలేదు. అమ్మమ్మ బంక పెట్టి అతికించి, మళ్ళీ మెట్టు మీద పెట్టింది. ఆ బొమ్మలిప్పుడు నా అటక మీదున్నాయి. వాటిని పీడ అని మా ఆయన కూడా ఏనాడూ అనలేదు. అంటే ఊరుకుంటానా?

మరి మన పెట్టెలోవి సంప్రదాయం, వాళ్ళ అరలోవి చెత్త ఎలా అయ్యాయండీ?

మా ఆయన మాటలో అసలు న్యాయం లేదని అనను. ఫీజులు కట్టేది ఆయన, వాడి ర్యాంకు గురించి నిద్ర పట్టనిదీ ఆయనకే. కానీ ఆ మోడల్ వాడి చదువుని ఏమీ తినేయలేదు. ఒక వస్తువు ఎందుకలా ఉందని అడగడం, కారణం వెతకడం, నెల రోజులు ఓపిగ్గా ఒక పని పూర్తి చేయడం, ఇవన్నీ చదువు కాదా? ఆయనతో ఇదే అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కానీ పేపర్ పక్కన పెట్టి విన్నారు.

నా మటుకు నాకు ఒక నియమం పెట్టుకున్నాను. ఇల్లు నాదే, చీపురూ నాదే, కానీ ఇంట్లో ప్రతి మనిషికీ ఒక్క అర వాళ్ళదిగా ఉండాలి. దాన్ని ముట్టుకునే ముందు అడగాలి. దుమ్ము పడితే పడనీ. తుడవాలనిపిస్తే, ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళనే నేర్పమనాలి. (పొట్ట కింద పట్టుకోవాలి, ఇంజన్లు పట్టుకోకూడదు. నేర్చుకున్నాను.)

అతికించాక కూడా ఎడమ ఇంజన్ దగ్గర సన్నటి గీత కనిపిస్తోంది. నాకు మనసు చివుక్కుమంది. వాడు నౌకని అరలో పెట్టి, ఎడమ పక్కని గోడ వైపు తిప్పాడు.

"అసలు దానికీ ఎడమ పక్క సరిగ్గా చేయలేదమ్మా. లోపలి దీపాల వైర్లన్నీ అటు నుంచే బయటికొచ్చేవి. అందుకే షూటింగ్‌లో ఎక్కువగా కుడి పక్కే చూపించేవాళ్ళు" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు. అయినా నిజమేనట. మీ ఇంట్లో పిల్లల అరల్లో ఏమున్నాయో ఒక్కసారి అడిగి చూడండి. విరగ్గొట్టకముందే అడగండి, నాలా కాకుండా.